తాళం కన్నంలోంచి వెలుగు

ఇంత పని చేసేది ఇంత చిన్న పెట్టెలో పడుకుందా, అనుకుంటూ జసింతో ఆ పెట్టె మూత మళ్ళీ ఎత్తి చూశాడు, ఎత్తడం ఇది మూడోసారి, కొట్టు యజమానురాలు జుల్మీరా గమనించకుండా ఉండదు, ఈ బేజా పట్నంలో ఆవిడ కళ్ళు గప్పి మేకు ముక్క కూడా కదపలేం, గమనిస్తే గమనించనీ, ముప్ఫై నాలుగేళ్ళు వడ్రంగం చేసినవాడు రంపాన్ని చూడటానికి పెళ్ళిచూపులకొచ్చినట్టు తడబడుతుంటే ఆవిడకి కాస్త కాలక్షేపం, కానీ ఇది రంపంలా లేదే, పళ్ళు కనబడవు, చక్రం కనబడదు, పైనుంచి అరచేత్తో నొక్కితేనే కిందికి దిగుతుందట, కోసినంతసేపు కోసి చెయ్యి వదలగానే తన గూట్లోకి తానే వెళ్ళిపోతుందట, ఇంటి దగ్గరున్న బల్లరంపమో, అది పొద్దస్తమానం నోరు తెరుచుకునే తిరుగుతుంది, దాని ముందు నిలబడి తన వేళ్ళు తాను లెక్కపెట్టుకుంటూ బతికాడు, పదీ ఉన్నాయి, దేవుడి దయ, ఇక ఆ పట్టా సంగతి, మనిషంత పొడుగు అల్యూమినియం పట్టా, గీత మీద దాన్ని పరిచి పైన రంపాన్ని పెడితే రంపమే నడుచుకుంటూ పోతుంది, చెక్క కదలదు, అదీ అతని బుర్రకి ఎక్కనిది, చెక్క ఉన్నచోటే ఉంటుంది, రంపమే దాని దగ్గరికి వెళుతుంది, ఇన్నేళ్ళూ తను చేసిందంతా దీనికి తిరగేసి, రంపం ఉన్నచోట ఉంటే తలుపంత ప్లైవుడ్ షీటుని ఎత్తి, మోసి, తోసి, దాని నోట్లోకి పెట్టడం, తను పనిచేసే గ్యారేజీ చూస్తే మూడు మీటర్ల వెడల్పు, ఐదున్నర పొడవు, ఒక మూల గ్యాస్ బండలు, ఇంకో మూల పెళ్ళాం ఎర్మీనియా పెట్టుకున్న ఆలివ్ జాడీలు, వాటిని కదిపితే ఆవిడతో యుద్ధం, షీటు తోయాలంటే షట్టరు ఎత్తి సగం వీధిలోకి పెట్టాల్సిందే, అవతలి కొస ఎవరో ఒకరు పట్టుకోవాల్సిందే, పట్టుకునేది ఇంకెవరు, బల్తజార్ మామే.

మామ అంటే బంధుత్వమేమీ కాదు, ఊళ్ళో డెబ్బై దాటినవాళ్ళందరూ అందరికీ మామలే, పక్కింటాయన, యాభై ఏళ్ళు గొర్రెలు కాసినవాడు, గొర్రెలు అమ్మేశాక రోజుకి ఇన్ని గంటలుంటాయని తెలియలేదురా అబ్బాయ్ అంటూ ఒక మధ్యాహ్నం గ్యారేజీకి వచ్చి గోడ పక్కన గడ్డి కుర్చీలో కూర్చున్నాడు, తొమ్మిదేళ్ళయింది, ఇంకా లేవలేదు, పొద్దున కాఫీ తాగి వస్తాడు, భోజనానికి వెళతాడు, మళ్ళీ వస్తాడు, జసింతో షీటు ఎత్తగానే చెప్పకుండానే లేచి అవతలి కొసకి వెళ్ళి పట్టుకుంటాడు, ఆయన పట్టుకుంటే షీటు వణకదు, కొమ్ములు పట్టుకుని పొట్టేలుని నిలబెట్టిన చేతులు, నా మందలో దీనంత బుద్ధిమంతురాలు ఒక్కటీ లేదురా, ఎటు తోస్తే అటు పోతోంది అని షీటుని మెచ్చుకుంటాడు, రంపం కిందినుంచి పొట్టు పడే కన్నం ఆ వెనక వైపే ఉంది, సరిగ్గా ఆయన మోకాళ్ళ దగ్గర, పడ్డది పడగా లేచింది లేస్తుంది, ఆయన టోపీ, కనుబొమలు, మీసం తెల్లబడతాయి, మధ్యాహ్నం భోజనానికి వెళ్ళేటప్పుడు పిండి మర నుంచి వెళుతున్నట్టు వెళతాడు, అది చూసి ఊరంతా నవ్వుతుంది, జసింతో కూడా నవ్వాడు, మొన్న శనివారం దాకా.

మొన్న శనివారం బల్తజార్ మామ నవ్వుతూనే వచ్చాడు, ఒరే జసింతో, ఆరోగ్య కేంద్రంలో కొత్త డాక్టరమ్మ ఎంత తెలివైందో విను, నా చేతికి గొట్టం ఇచ్చి ఊదమంది, ఊదాను, ఇంకా ఊదమంది, నా దగ్గర ఉన్నదంతా ఊదేశాను తల్లీ అన్నాను, కాగితం చూసి ఏమందో తెలుసా, మీరు వడ్రంగా అంది, వడ్రంగాట, నేను, ఈ చేతుల్తో మేకు కొడితే వంకరపోతుంది, కాదమ్మా గొర్రెలు కాశాను, వడ్రంగి మా పక్కింటాడు, నేను ఊరికే కూర్చుంటాను అన్నాను అని తొడ చరుచుకుని నవ్వాడు, నవ్వి దగ్గాడు, దగ్గు ఆగేదాకా గోడ పట్టుకున్నాడు, జసింతో ఉలి బల్ల మీద పెట్టాడు, ఇంకా ఏమందిట డాక్టరమ్మ అని అడిగితే, ఏమంటుంది, ఇది వయసు కాదంది, దుమ్ముకి దూరంగా ఉంటే ఆర్నెల్లలో కొంత తిరిగి రావచ్చంది, ఈ అలెంతేజో సీమ ఎండల్లో దుమ్ముకి దూరంగా ఎక్కడికి పోతాం, సముద్రంలోకా, అంటూ మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు, సిగరెట్టు కూడా ముట్టని మనిషి, కొండ మీద ఈల వేస్తే కింద వాగు దగ్గర కుక్క తిరిగి చూసేదట.

ఆ ఊపిరి సంగతి జసింతోకి తెలిసినంత ఇంకెవరికి తెలుసు, గురువారం గురువారం పక్కన నిలబడి పాడేవాడికి, ఊళ్ళో మగవాళ్ళు తొమ్మండుగురు, చేతుల్లో చేతులు మెలేసుకుని వరుసగా నిలబడి పాత పొలం పాటలు పాడతారు, వాయిద్యం లేదు, తొందర లేదు, జసింతో పాట ఎత్తుకుంటాడు, ఒంటరిగా, ఒక చరణం, అది అయ్యీ అవకముందే బల్తజార్ మామ పైగొంతులో అందుకుంటాడు, అందుకున్న ఆ ఒక్క గొంతు కింద మిగతా వరుసంతా వచ్చి చేరుతుంది, ఎత్తుకోవడం ఎవడైనా ఎత్తుకుంటాడు, అందుకునేవాడు లేకపోతే పాట లేదు, ఆ మొదటి రోజుల్లో మామ అందుకున్నాడంటే జసింతోకి ఒళ్ళు జలదరించేది, అంత బక్కమనిషిలోంచి అంత పొడుగు గొంతు ఎలా వస్తుందో, వరుస మీంచి వెళ్ళి పైకప్పు రేకులకి తగిలి మళ్ళీ కిందికి దిగేది, ఇప్పుడు సగం దాకా వచ్చి ఆగిపోతోంది, వత్తి కిందికి దించినట్టు, రెండేళ్ళుగా అంతే, పాట నేర్పే అమాదేవ్ గారు పోయిన వారమే జసింతోని పక్కకి పిలిచి, చూడు నాయనా, ఈస్టర్ తర్వాత సోమవారం మన పాట, తొమ్మిది ఊళ్ళు వస్తాయి, ఆయన్ని వరుసలోకి దింపి కుర్రవాణ్ణెవరినైనా అందుకోమందాం, నువ్వయితే మెల్లగా చెప్తావు, వచ్చే గురువారంలోగా చెప్పు అన్నాడు, చెప్తానన్నాడు జసింతో, ఎలా చెప్తాడు, గొర్రెలు పోయాక ఆ మనిషికి మిగిలినవి రెండే, షీటు కొస పట్టుకోవడం, పాట అందుకోవడం.

అయితే ఈ రెండు రంపాల్లో పెద్దదే తీసుకుంటారా, అంది జుల్మీరా, మూత ఎత్తడం నాలుగోసారి చూసి, ఇది దొరల రంపం, వేగం తగ్గించుకోవచ్చు, వాలుగా కోయొచ్చు, వెనక్కి తన్నకుండా గొళ్ళెం ఉంది, దీని పక్కన మీకు ఆ సంచి మిషను పెడతాను, అదిగో, చూడండి ఎంత పొట్టు పడుతుందో, అని చూపించింది, కొట్టు వెనకాల నిలువెత్తున నిలబడి ఉంది, కింద ఒక సంచి, పైన గుడ్డ సంచి, గాలి కొడితే పైది ఉబ్బి గున్నఏనుగులా అవుతుంది, జసింతోకి అది చూడగానే కడుపు నిండిపోయింది, ఇదీ యంత్రం అంటే, పాతిక బస్తాల పొట్టు మింగుతుంది, దాని పక్కనే చక్రాల మీద నేలకి కరుచుకుని ఉన్న బూడిదరంగు పెట్టె ఒకటి ఉంది, ముఖాన గొట్టం తగిలించే లోహపు మూతి, దాని మీద ఎం అక్షరం, అదేమిటి, ఇల్లూడ్చే మిషనా, అన్నాడు, జుల్మీరా నవ్వలేదు, చేతులు కట్టుకుని అతన్ని కాసేపు చూసి, ఒక్క మాట చెప్పండి, ఇది మీ నేల కోసమా, మీ ఊపిరి కోసమా, అంది.

నేలా, ఊపిరా, ఈ రెండూ వేరని అతనికి ఇన్నేళ్ళలో ఎవరూ చెప్పలేదు, నేల శుభ్రంగా ఉంటే అన్నీ శుభ్రంగా ఉన్నట్టే కదా, వాళ్ళ నాన్న నేర్పింది అదే, చీపురు పెట్టనివాడు వడ్రంగి కాడు, పని ఆపగానే ఊడ్చు, ఊడ్చాకే అన్నం, జసింతో ఊడ్చాడు, ముప్ఫై నాలుగేళ్ళు ఒక్క రోజు తప్పకుండా, ఊళ్ళో అతని గ్యారేజీ అంత శుభ్రమైన గ్యారేజీ లేదు, అందుకే కదా పాట సాధన అక్కడ పెట్టుకున్నది, చర్చి గదిలో తేమ, కాఫీ కొట్టులో గోల, జసింతో గ్యారేజీలో అయితే నేల మీద అన్నం పెట్టుకు తినొచ్చు అని అమాదేవ్ గారే అన్నాడు, జుల్మీరా చెబుతోంది, మీకు కనబడే పొట్టుతో ఏ బాధా లేదండీ, అది దానంతటది కింద పడుతుంది, కనబడని పొడి ఉంది చూశారూ, అది గంటల తరబడి గాల్లోనే ఉంటుంది, ఆ గుడ్డ సంచిలోంచి గోధుమపిండి జల్లించినట్టు బయటికి వచ్చేస్తుంది, తలకాయ ఎత్తున మీ గదిలోకే తిరిగి వస్తుంది, ఈ బూడిద పెట్టె ఆ పొడిని కూడా ఆపుతుంది, దాని మీద ఎం అక్షరం అందుకే, పీల్చే బలం తగ్గితే కూత పెట్టి చెప్తుంది, మీరు చీపురు వాడతారా, వాడతానమ్మా రోజూ, అన్నాడు గొప్పగా, ఊడ్చాక లోపల ఎంతసేపుంటారు, అంది, జసింతో లెక్క వేసుకున్నాడు, గురువారం అయిదింటికి ఊడుస్తాడు, పెద్దవాళ్ళు వస్తారని మామూలు కంటే ఎక్కువగా, మూలమూలలా, గోడలు కూడా దులుపుతాడు, గాలి మిషనుతో బల్లల కిందినుంచి ఊదుతాడు, అయిదున్నరకి తొమ్మండుగురు వచ్చి షట్టరు దించుకుని, చేతులు మెలేసుకుని, ఒంట్లో పట్టినంత గాలి లోపలికి తీసుకుని, పాడతారు.

గ్యారేజీ గొంతు, అదీ వాళ్ళు పెట్టుకున్న పేరు, గురువారం సాధన అయ్యాక అందరి గొంతులూ బొంగురుపోతాయి కదా, శుక్రవారం పొద్దున కాఫీ దగ్గర ఒకడు కీచుమంటే ఇంకొకడు, ఏరా, గ్యారేజీ గొంతా, బాగా పాడామన్నమాట నిన్న, అంటాడు, గొంతు పోతేనే సాధన గట్టిగా జరిగినట్టని వాళ్ళ లెక్క, తన లెక్కా అదే, ఆ లెక్క మీద ఎన్ని జాడీల సారా తాగి నవ్వారో, జుల్మీరా ఇంకా ఏదో చెబుతోంది, గొట్టం మందం గురించి, అతనికి వినబడటం లేదు, అతనికి షట్టరు కనబడుతోంది, పాత తాళం ఊడిపోయిన చోట వేలు దూరేంత కన్నం, సాయంత్రం ఎండ అందులోంచి కర్రలా లోపలికి వస్తుంది, ఏటవాలుగా, గది ఈ చివరి నుంచి ఆ చివరి దాకా, ఆ కర్ర నిండా బంగారు రేణువులు మెల్లగా తిరుగుతూ ఉంటాయి, ఊడ్చిన వెంటనే మరీ అందంగా, దాన్ని చూడటానికే ఒక్కోసారి చీపురు ఆపి నిలబడేవాడు, మన గ్యారేజీలోకి దేవుడు దిగివస్తాడే అని ఎర్మీనియాకి చూపించాడు కూడా, అదన్నమాట అది, ఆ మెరిసేదంతా, తొమ్మిదేళ్ళుగా ఒక గొర్రెల కాపరి ఆ బంగారంలో కూర్చున్నాడు, ఆ చిన్న రంపం చూపించండి, అన్నాడు జసింతో, గొళ్ళెం లేనిదైనా ఫరవాలేదు, వాలుగా కోసే పని నాకు లేదు, దొరల రంపానికీ బూడిద పెట్టెకీ కలిపి నా డబ్బు చాలదు, ఆ పెట్టె మాత్రం కావాలి, దొరల రంపం పెట్టె మూత తనే వేశాడు, వేస్తుంటే కాస్త నొప్పెట్టింది, అబద్ధం ఎందుకు.

గురువారం మధ్యాహ్నం, షీటుని నేల మీద రెండు మందపాటి థర్మోకోల్ అట్టల మీద పరిచాడు, తేలిగ్గా, ఎత్తడం లేదు, మోయడం లేదు, షట్టరు దించే ఉంది, బల్తజార్ మామ లేచి అలవాటుగా అవతలి కొసకి వెళ్ళి నిలబడ్డాడు, పట్టుకోవడానికి అక్కడ ఏమీ లేదు, షీటు నేల మీద ఉంది, ఆయన చేతులు కాసేపు గాల్లో ఉండి జేబుల్లోకి వెళ్ళాయి, ఓహో, అన్నాడు, దానంతటదే పోతుందన్నమాట, అయితే మనతో పని లేదు, కుర్చీలోనే ఉంటాలే అబ్బాయ్, ఆ మాట ఎలా అన్నాడో, కోపం లేదు, వెక్కిరింత లేదు, మందలోంచి ఆఖరి గొర్రె లారీ ఎక్కినప్పుడు ఇలాగే అని ఉంటాడు, జసింతోకి చెప్పాల్సినవి రెండు మాటలున్నాయి, అమాదేవ్ గారిది ఒకటి, తనది ఒకటి, రెండూ పక్కన పెట్టి ముందు పట్టా పరిచాడు, పట్టా అంచున నల్లటి రబ్బరు పట్టీ ఒకటి కాస్త బయటికి ఉంటుంది, మొదటిసారి రంపం నడిపినప్పుడు రంపం దాన్ని తనకి కావలసినంత కోసుకుంటుంది, ఆ ఒక్కసారికే, ఆ తర్వాత జన్మంతా రంపం ఎక్కడ కోస్తుందో ఆ అంచే చెబుతుంది, గీత మీద అంచు పెడితే చాలు, కొలిచేది లేదు, ఊహించేది లేదు, జుల్మీరా చెప్పినప్పుడు నమ్మలేదు, నొక్కాడు, నడిపాడు, రబ్బరు నల్లటి దారంలా విడిపోయి నేల మీద పడింది, అంచు నిఖార్సుగా మిగిలింది, ఆ అంచుని గీత మీద పెట్టి షీటు కోశాడు, కోస్తూ సగంలో, రంపం నుంచి బూడిద పెట్టెకి వెళ్ళే గొట్టం పట్టా కొసకి తగులుకుని చెయ్యి ఆగింది, రంపం వెనక్కి తన్నబోయింది, మామ ఎప్పుడు లేచాడో, ఎలా చూశాడో, గొట్టాన్ని భుజం ఎత్తుకి లేపి పట్టుకున్నాడు, పోనీ, పోనీరా, నేను పట్టుకున్నాను, దీని తోక నా చేతిలో ఉందిలే, అన్నాడు, కుర్చీ ఆయన వెనకాల ఖాళీగా ఉంది, జసింతో ముందుకు నడిచాడు, ఆయన గొట్టాన్ని ఎత్తిపట్టి పక్కనే నడిచాడు, ఇద్దరూ షీటు ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్ళారు, కోత అయ్యాక అంచు మీద వేలితో రాసి చూస్తే పేడు లేదు, గరుకు లేదు, సబ్బు ముక్కలా ఉంది, అమ్మ నాయనో, అన్నాడు మామ, నేలని చూస్తూ, అక్కడ చూడటానికేమీ లేదు, కోసినట్టే లేదు.

అప్పుడు చూశాడు జసింతో, నాలుగున్నర దాటింది, ఎండ షట్టరు మీదికి వచ్చే వేళ, గది ఈ చివరి నుంచి ఆ చివరికి చూశాడు, కర్ర లేదు, కన్నం ఉంది, కన్నం అవతల ఎండ ఉంది, లోపల ఏటవాలుగా ఉండాల్సిన బంగారు కర్ర లేనే లేదు, ఇదేమిటి, మేఘం పట్టిందా అనుకుని కన్నానికి కన్ను ఆనించి చూస్తే బయట ఎండ పేలిపోతోంది, తల పక్కకి తీసి వెనక్కి తిరిగాడు, ఎదురుగోడ మీద, ఆలివ్ జాడీల పైన, గుండ్రటి వెలుగు చుక్క ఒకటి, కాసంత, అచ్చు గుద్దినట్టు, కన్నానికీ చుక్కకీ మధ్య ఏమీ లేదు, వెలుగు ఆ మధ్యలోంచే వెళుతోంది, తన ముఖం ముందు నుంచే, అయినా కనబడటం లేదు, చెయ్యి అడ్డం పెట్టాడు, చుక్క అరచేతిలోకి వచ్చింది, తీశాడు, గోడ మీదికి వెళ్ళింది, మళ్ళీ పెట్టాడు, చిన్నపిల్లాడిలా, మళ్ళీ తీశాడు, ఇన్నేళ్ళూ తను వెలుగు అనుకుని చూసింది వెలుగు కాదా, వెలుగు ఇలా ఉంటుందా, ఏమీ లేనట్టు, కళ్ళు చెమర్చాయి, పొట్టు పడిందని చెప్పుకోవడానికి కూడా లేదు, గదిలో పొట్టు లేదు.

మామా, అన్నాడు, చుక్క అరచేతిలో ఉండగానే, వెనక్కి తిరగకుండానే, డాక్టరమ్మ వడ్రంగివా అని ఎందుకు అడిగిందో నీకు తెలుసా, అది నా పొట్టే మామా, నీ ఛాతీలో ఉన్నది, నీ పాట మింగింది అదే, నేనే, అన్నాడు, వెనక గడ్డి కుర్చీ కిర్రుమంది, తెలుసులేరా, అన్నాడు బల్తజార్ మామ, ఆవిడ అడిగినప్పుడే తెలిసింది, ఆ గ్యారేజీలోకి ఇక వెళ్ళొద్దని కూడా చెప్పింది, మరి నాకు చెప్పలేదేం, అన్నాడు జసింతో, చెప్తే నువ్వు రావద్దంటావు, అందుకే నవ్వులాటగా చెప్పాను, ఊపిరి ఎలాగూ పోయేదే, ఇంటి దగ్గర కూర్చుని గోడల్ని చూస్తూ పోగొట్టుకునే బదులు ఇక్కడ పోతే ఏం పోయిందిరా, నాలుగు మాటలైనా ఉంటాయి, అన్నాడు, ఏమీ కానట్టు, పొద్దున పాలు విరిగాయని చెప్పినట్టు, జసింతో వెనక్కి తిరిగి ఆయన్ని చూశాడు, మీసం నల్లగా ఉంది, తొమ్మిదేళ్ళలో మొదటిసారి సాయంత్రం పూట మీసం నల్లగా, మధ్యమధ్యలో నెరిసి, ఒక మనిషి తన ఊపిరి ఇచ్చి ఒక కుర్చీ కొనుక్కున్నాడు, జసింతో గ్యారేజీలో, జసింతోకే చెప్పకుండా, ఎన్ని పెద్ద చర్చిలకి వెళ్ళినా, ఎన్ని విగ్రహాల ముందు టోపీ తీసినా, ఇంత పెద్దది ఎక్కడా చూడలేదు, ఏం చేయాలో తెలియక గొట్టం చుట్టలు చుడుతూ, రేపు నాలుగు షీట్లున్నాయి మామా, ఈ గొట్టం ఎవడో ఒకడు పట్టకపోతే కొసకి తగులుకుని చస్తుంది, చూశావుగా, అన్నాడు, మామ, చూశాను చూశాను, పొద్దున్నే వస్తాలే, అన్నాడు.

అయిదున్నరకి వాళ్ళు వచ్చారు, వస్తూనే గోల, ఏమయ్యా జసింతో, చీపురు ఎవరికి దానం చేశావు, నేల మీద చీపురు గీత ఒక్కటీ లేదే, ఊడవలేదు, అన్నాడు, ఊడవలేదా, అయితే ఇవాళ ఊరు మునిగిపోతుంది, అన్నాడొకడు, అమాదేవ్ గారు మాత్రం పక్కకి లాగి, చెప్పావా, అని గుసగుసగా అడిగాడు, చెప్పాను, అన్నాడు జసింతో, చెప్పాల్సింది వేరే ఉంది, అది చెప్పాను, ఆయన ఉన్నచోటే ఉంటాడు, ఆర్నెల్లు చూద్దాం, ఈస్టర్‌కి అందకపోతే అందకపోనీ, తొమ్మిది ఊళ్ళ ముందు పరువు పోతే నాదే పోనీ, అమాదేవ్ గారు కళ్ళజోడు పైకి తోసుకుని అతన్ని చూసి, నీకేమైందయ్యా ఇవాళ, అన్నాడు, షట్టరు దించారు, ఎండ ఇంకా కాస్త ఉంది, కోట్ల మీంచి లేచిన నలుసులు నాలుగు కన్నం ముందు మెరిసి పోయాయి, అంతే, చేతులు మెలేసుకున్నారు, జసింతోకి ఎడమ పక్కన మామ మోచెయ్యి, కర్రలా, ఎప్పటిలానే, పాట ఎత్తుకున్నాడు, కోతలయ్యాక పొలంలో మిగిలిన దుబ్బుల మీద నడిచి ఇంటికి వెళ్ళేవాడి పాట, ఎత్తుకుంటూ లోపలికి తీసుకున్న గాలి ఎంత లోపలికి వెళ్ళిందో అతనికి తెలిసింది, అడ్డం లేకుండా, చల్లగా, ఇంత దూరం ఉందా నాలో అనిపించేంత, చరణం అయ్యీ అవకముందే బల్తజార్ మామ అందుకున్నాడు, పైకి వెళ్ళింది గొంతు, వెళ్ళింది, సగంలో ఆగింది, ఆగడం ఎప్పుడూ ఆగేచోటే ఆగింది, ఒక్క పూటలో రంపం ఏ మహిమలూ చేయదు, కానీ ఆగాక దగ్గు రాలేదు, ప్రతిసారీ వచ్చే దగ్గు, వరుసంతా దానికోసం ఊపిరి బిగబట్టి ఉంది, అలవాటుగా, అది రాలేదు, ఆ ఖాళీలో తొమ్మండుగురూ కదలకుండా నిలబడ్డారు, మామ మోచెయ్యి ఒకసారి పైకి లేచి దిగింది, ఊపిరి తీసుకున్నాడు, జసింతో పక్కటెముకల్లో తగిలింది ఆ తీసుకోవడం, ఆ గాలి ఎక్కడిది, ఇదే, ఇప్పుడు తను వదిలింది, అమాదేవ్ గారు వదిలింది, అందరిదీ, ఈ గదిదే, మామ ఆగినచోటి నుంచే మళ్ళీ అందుకున్నాడు, వరుస కిందినుంచి వచ్చి మోసింది, ఎదురుగోడ మీద చుక్క జాడీల మీంచి పైకి జరుగుతోంది, జసింతో పాడుతూ దాన్నే చూస్తున్నాడు, ఈ గదిలో తను చేసినవన్నీ వెళ్ళిపోయాయి, అల్మారాలు, తలుపులు, పెళ్ళి మంచాలు, ఎవరెవరి ఇళ్ళకో, ఒక్కటి మాత్రం ఎవరూ కొనుక్కోలేదు, ఎవరూ చేయమని అడగలేదు, చేస్తున్నట్టు తనకే తెలియదు, కానీ ప్రతి కోతకీ, ప్రతి చీపురు దెబ్బకీ అది తయారవుతూనే ఉంది, వచ్చిన ప్రతివాడూ దాన్ని తన ఒంట్లో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్ళాడు, ఈ గాలి, ముప్ఫై నాలుగేళ్ళుగా దీన్నీ తనే చేస్తున్నాడు.